వాలు తలం మీద మనం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు కేటాయించారు. "ఆరోగ్యం మీదో, ఆధ్యాత్మికం మీదో నాలుగు మాటలు చెప్పండి మేష్టారూ" అన్నారు. ఆరోగ్యం గురించి చెప్పడానికి మన డాక్టరుగారున్నారు. ఆధ్యాత్మికం గురించి చెప్పగలిగినవాళ్లు ఈ హాల్లో సగంమంది ఉంటారు. నేను ముప్ఫై మూడేళ్లు ప్రభుత్వ కళాశాలల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. కనుక వాలు తలం గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు తటపటాయించి, "ఎజెండాలో నాలుగో అంశం ర్యాంపే గదా, కానివ్వండి" అన్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మన భవనం ముందు కట్టబోయే ర్యాంపు మీద చర్చ ఉంది. రెండు ఎస్టిమేట్లు వచ్చాయి. వాటి సంగతి చివర్లో చెబుతాను. ముందు కొంచెం శాస్త్రం. భయపడకండి, పరీక్ష పెట్టను.

వాలు తలం అంటే ఏటవాలుగా పెట్టిన బల్ల, అంతే. లారీలోకి డ్రమ్ములు దొర్లించి ఎక్కించడానికి రెండు పలకలు ఆనిస్తారు చూడండి, అదీ వాలు తలమే. నిట్టనిలువుగా ఎత్తాలంటే నలుగురు కావలసిన డ్రమ్మును పలక మీద ఇద్దరు ఎక్కిస్తారు. మిగతా ఇద్దరి బలం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, పలక మోసింది. వస్తువు బరువు ఎప్పుడూ నిలువుగా కిందికే ఉంటుంది. కాని వాలు తలం మీద అది రెండు పనులు చేస్తుంది. ఒక భాగం వాలు వెంబడి కిందికి గుంజుతుంది. ఇంకో భాగం తలాన్ని లంబంగా నొక్కుతుంది. మా పాఠ్యపుస్తకంలో మొదటిది బరువు ఇంటూ సైన్ తీటా, రెండోది బరువు ఇంటూ కాస్ తీటా. తీటా అంటే వాలు కోణం. ఈ తీటా అన్న మాట వినగానే వెనకబెంచీలో నవ్వే పిల్లలు ప్రతి ఏడూ ఉండేవారు. ఇవాళ కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు, గమనించాను.

సైన్, కాస్ మరిచిపోయినవారికి ఇంకో దారి ఉంది. వాలు మీద పన్నెండు అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు ఎక్కామనుకోండి. అప్పుడు వాలు వెంబడి గుంజే బలం బరువులో పన్నెండో వంతు. నాలుగు అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కితే బరువులో నాలుగో వంతు. ఎత్తును వాలు పొడవుతో భాగించడమే. మన రోడ్లు భవనాల శాఖ మిత్రులు వన్ ఇన్ ట్వెల్వ్, వన్ ఇన్ ఫోర్ అంటూంటారే, ఆ లెక్కే. వాళ్లు పొడవును నేల మీద కొలుస్తారు, మేము వాలు వెంబడి కొలుస్తాం. వాలు తక్కువైనప్పుడు రెండింటికీ తేడా ఏమీ ఉండదు.

ఈ సూత్రాన్ని బలాల బొమ్మ గీయకుండా నిరూపించిన మనిషి ఒకడున్నాడు. పేరు సైమన్ స్టెవిన్. 1548లో బ్రూజ్ నగరంలో పుట్టాడు. ఇప్పుడు అది బెల్జియంలో ఉంది. 1586లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. ఒక త్రిభుజాకారపు దిమ్మె. ఒకవైపు వాలు పొడవు, రెండోవైపు వాలు అందులో సగం. రెండింటి ఎత్తూ ఒకటే. దాని మీద పద్నాలుగు సమానమైన గుండ్లున్న దండ వేశాడు. పొడుగు వాలు మీద నాలుగు గుండ్లు, పొట్టి వాలు మీద రెండు, కింద వేలాడుతూ ఎనిమిది. ఈ దండ తనంతట తాను కదులుతుందా? కదిలితే ఒక గుండు స్థానంలో ఇంకో గుండు వస్తుంది. దండ మళ్లీ అదే తీరులో ఉంటుంది. అంటే మళ్లీ కదలాలి, మళ్లీ మళ్లీ కదలాలి, ఎప్పటికీ ఆగకుండా తిరగాలి. అది అసంభవం గనుక దండ కదలదు. కింద వేలాడే ఎనిమిది గుండ్లు రెండువైపులా సమానంగా లాగుతున్నాయి. వాటిని తెంచేసినా ఏమీ మారదు. ఇక మిగిలింది పొడుగు వాలు మీది నాలుగూ, పొట్టి వాలు మీది రెండూ. ఆ నాలుగింటిని ఈ రెండూ ఆపుతున్నాయి. వాలు రెట్టింపు పొడవైతే గుంజుడు సగమని తేలిపోయింది. ఒక్క సమీకరణం లేదు. స్టెవిన్‌కు ఈ బొమ్మ ఎంత నచ్చిందంటే, దాన్ని పుస్తకం ముఖపత్రం మీదే వేయించుకున్నాడు. నా అభిప్రాయంలో ఇంటర్మీడియట్ పుస్తకంలో సైన్ తీటాకు ముందు ఈ దండ ఉండాలి.

మన పల్లెల్లో స్టెవిన్ పేరు వినని రైతులు ఇదే సూత్రంతో నీళ్లు తోడారు. మోట బావి మీలో చాలామంది చూసే ఉంటారు. మా సీమలో కపిల అంటారు. బావి గట్టు నుంచి ఎద్దులు నడిచే దారిని చదునుగా చేయరు, బావికి ఎడంగా పోయేకొద్దీ కిందికి వాలేట్టు చేస్తారు. నిండిన బానను పైకి లాగేటప్పుడు ఎద్దులు దిగుడులో నడుస్తాయి. వాటి బరువులో ఒక భాగం తాడు లాగడానికి కలిసి వస్తుంది. జత ఎద్దులు ఏడు వందల కిలోలనుకుందాం. వాలు అయిదుకి ఒకటి అనుకుందాం. సుమారు నూట నలభై కిలోల గుంజుడు కండరాలతో పని లేకుండా వస్తుంది. మరి ఊరికే వచ్చిందా? రాలేదు. ఎద్దులు తిరిగి వెనక్కి ఎక్కాలి గదా. అప్పుడు తాడుకు ఖాళీ బాన ఉంటుంది గనుక, తీరుబడిగా ఎక్కి ఆ అప్పు తీర్చేస్తాయి. భారం ఉన్నప్పుడు అప్పు తీసుకుని, భారం లేనప్పుడు చెల్లించడమన్నమాట. జీపీఎఫ్ అడ్వాన్సు తీసుకున్నవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

అలిపిరి మెట్లదారికీ, శ్రీవారి మెట్టు దారికీ తేడా కూడా ఇదే. అలిపిరి నుంచి 3550 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపునుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు. రెండు దారులూ చేరేది తిరుమలకే. పొట్టిదారిలో అడుగడుక్కీ మోకాలు ఎక్కువ కష్టపడుతుంది, పొడుగుదారిలో తక్కువ కష్టం ఎక్కువసేపు పడుతుంది. ఎత్తు తగ్గించే దారి ఏ శాస్త్రంలోనూ లేదు.

ఇంతవరకూ ఘర్షణ ఊసెత్తలేదు. వాలు తలంతో ప్రయోగాలు చేసిన గెలీలియో కూడా ఘర్షణను తప్పించుకోవాలనే చూశాడు. పన్నెండు మూరల దూలంలో గాడి తొలిపించి, నునుపు చేయించి, అందులో చర్మపత్రం అతికించి, కంచు గుండును దొర్లించాడు. నీటి గడియారంతో కాలం కొలిచాడు. దూరం కాలవర్గానికి అనుపాతంలో ఉంటుందని 1638లో వచ్చిన పుస్తకంలో రాశాడు. నిలువుగా పడే వస్తువు కంటికి అందనంత త్వరగా పడుతుంది. వాలు మీద అదే పతనం నిదానంగా జరుగుతుంది. అదీ ఆయన ఉపాయం. ఆయనకు ఘర్షణ అడ్డంకి. మనకు అలా కాదు. డెబ్భై ఏళ్లు దాటినవాళ్లకు ఘర్షణను మించిన ఆప్తుడు లేడు. స్నానాల గదిలో అది లేకపోతే ఏమవుతుందో మన సంఘంలో కనీసం ఐదారుగురికి అనుభవం.

ఘర్షణ విషయంలో పిల్లలు రాసే ఒక తప్పు చెబుతాను. ఈ సభలో ట్రెజరీ మిత్రులు ఉన్నారు గనుక వెంటనే పట్టుకుంటారు. పది కిలోల రాయి వాలు మీద కదలకుండా కూర్చుని ఉంది. వాలు వెంబడి గుంజుడు మూడు కిలోలు. తలానికీ రాయికీ మధ్య ఘర్షణ గుణకం 0.6. (న్యూటన్లలో చెప్పకుండా కిలోల్లో చెబుతున్నందుకు నా పాత సహాధ్యాపకులు మన్నించాలి.) ఘర్షణ బలం ఎంత? పదిమందిలో ఏడుగురు గుణకాన్ని తలం మీది నొక్కుడుతో గుణించి 5.7 కిలోలని రాస్తారు. అదే నిజమైతే కిందికి గుంజే మూడు కిలోల మీద పైకి 5.7 కిలోలు గెలిచి, రాయి తనంతట తానే కొండెక్కాలి! ఘర్షణ ఇక్కడ సరిగ్గా మూడు కిలోలే. 5.7 అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే. సీమాంత ఘర్షణ అంటాం.

మంజూరు వేరు, ఖర్చు వేరు. బడ్జెట్‌లో ఒక పద్దు కింద 5.7 లక్షలు మంజూరైంది. మూడు లక్షల బిల్లు వచ్చింది. ఖర్చు మూడే. బిల్లు నాలుగైతే నాలుగు. 5.7 దాకా ఎంత అడిగితే అంత ఇస్తుంది. ఒక్క రూపాయి దాటితే బిల్లు మొత్తం ఆబ్జెక్షన్‌తో వెనక్కి వస్తుంది. ఘర్షణ స్వభావం అచ్చంగా ఇదే. పైగా ఒకసారి జారడం మొదలైందంటే ఆ మంజూరు కూడా తగ్గిపోతుంది. కదులుతున్న తలాల మధ్య ఘర్షణ నిలిచి ఉన్నప్పటికంటే సాధారణంగా తక్కువ. అందుకే కాలు జారినవాడు కొంచెం జారి ఆగడు.

వాలు పెంచితే ఏమవుతుంది? గుంజుడు పెరుగుతుంది, అంటే బిల్లు పెరుగుతుంది. తలం మీది నొక్కుడు కాస్త తగ్గుతుంది గనుక మంజూరు తగ్గుతుంది. రెండూ కలుసుకున్న చోట వస్తువు జారుతుంది. ఆ కోణంలో ఎత్తును అడుగుతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకం. ఇందులో బరువు ప్రసక్తి లేదు, రెండువైపులా కొట్టివేయబడింది. ఎండు ఇసుక కుప్ప పోసి చూడండి. దోసెడు పోసినా, ట్రాక్టరు లోడు పోసినా కుప్ప వాలు ఇంచుమించు ఒకటే, ముప్ఫై నాలుగు డిగ్రీల ప్రాంతం. కళ్లంలో ధాన్యపు రాశికీ దాని వాలు దానికుంది.

ఇక ఈ బల్ల మీదున్న సరంజామా చూడండి. మీటరు పొడవు చెక్క పలక, దాని మీద బిగించిన మెరుపు టైలు, ఒక చెప్పు, చెప్పులో రెండు కిలోల తూకపురాయి, ఒక టేపు, చెంబుతో నీళ్లు. ఇంట్లో నేను చేసిన కొలతలనే మీ ఎదుట మళ్లీ చేస్తాను. పలకను ఒకవైపు నెమ్మదిగా ఎత్తుతున్నాను. జారింది. ఎత్తు 51 సెంటీమీటర్లు, అడుగు 86. గుణకం 0.59. ఇంకో తూకపురాయి వేస్తున్నాను. మళ్లీ అక్కడే జారింది. లావైనవాళ్లకు గట్టి పట్టు ఉంటుందనేది భ్రమ అని తేలింది. ఇప్పుడు టైలు మీద నీళ్లు చిలకరిస్తున్నాను. ఎత్తుతున్నాను... చూశారా! ఎత్తు 19, అడుగు 98. గుణకం 0.19. చెప్పు అదే, టైలు అదే. చెంబెడు నీళ్లు మంజూరులో మూడింట రెండు వంతులు కోసేశాయి.

ఈ నియమాలు ఒక్కరు కనిపెట్టినవి కావు. లియొనార్డో డావించి తన నోటు పుస్తకాల్లో రాసుకుని ప్రచురించకుండా ఉండిపోయాడు. రెండు వందల ఏళ్ల తరవాత, 1699లో, ఫ్రాన్సులో అమొంటాన్స్ మళ్లీ కనిపెట్టాడు. ఘర్షణ నొక్కుడు మీద ఆధారపడుతుంది, తగులుకునే వైశాల్యం మీద ఆధారపడదు అన్నాడు. ఇటుకను వెడల్పుగా పడుకోబెట్టినా, అంచు మీద నిలబెట్టినా ఒకే వాలులో జారుతుంది. 1785లో కూలుంబ్ ప్రచురించిన గ్రంథంలో ఇవన్నీ విపులంగా ఉన్నాయి. విద్యుత్తు పాఠంలో వచ్చే కూలుంబే ఈయన. ఇంజనీరు. అయితే ఇవి ప్రకృతి నియమాలంత గట్టివి కావు, మంచి ఉజ్జాయింపులు. తడి ఉన్నచోట, రబ్బరు ఉన్నచోట గీత దాటుతాయి.

తిరుమల ఘాట్ రోడ్డు దగ్గరికి వద్దాం. ఆర్టీసీ మిత్రులు ముందువరసలో కూర్చున్నారు, నేను తప్పు చెబితే ఊరుకోరు. 1944లో తెరిచిన పాత రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండో రోడ్డు ఎక్కడానికి. కిందికీ పైకీ ఎత్తు తేడా సుమారు ఏడు వందల మీటర్లు, దారి పద్దెనిమిది కిలోమీటర్ల చిల్లర. సగటున ఇరవై ఆరుకి ఒకటి. ఈ వాలుకు టైరు జారదు. పొడి రోడ్డు మీద టైరు గుణకం 0.7 దాకా ఉంటుంది, అడిగేది 0.04 మాత్రమే. మరి ప్రమాదం ఎక్కడుంది? రెండు చోట్ల. ఒకటి, మలుపు. మలుపు తిరగడానికీ, బ్రేకు వేయడానికీ, వాలు గుంజుడును ఆపడానికీ అదే టైరు, అదే మంజూరు. మూడు బిల్లులు ఒకే పద్దు మీద పడతాయి. వానలో ఆ పద్దుకు కోత పడుతుంది. అందుకే మలుపులోకి వచ్చాక కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించమని చెబుతారు.

రెండోది వేడి. పదిహేను టన్నుల బస్సు ఏడు వందల మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి పది కోట్ల జౌళ్ల పైచిలుకు. ఆ శక్తితో మూడు వందల యాభై లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా కాచవచ్చు. ఇదంతా బ్రేకు డ్రమ్ముల్లోకే పోతే లైనింగు కాగిపోయి, దాని ఘర్షణ గుణకం పడిపోతుంది. డ్రైవరు తొక్కుతూనే ఉంటాడు, బ్రేకు పట్టదు. చిన్న గేరులో దించితే ఆ శక్తిలో పెద్ద భాగాన్ని ఇంజను తీసుకుని రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా గాలికి వదిలేస్తుంది. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించేవాడు ఆ వాటాను కూడా బ్రేకుల నెత్తిన వేస్తున్నాడు. ఈ సంగతి మన ఆర్టీసీ డ్రైవర్లకు ఏ సమీకరణమూ లేకుండా పాదానికి తెలుసు. సొంత కార్లలో వెళ్లే మన పిల్లలకు తెలియాలి. ఆటోమేటిక్ గేరు కార్లలో కూడా చిన్న గేరుకు మార్చుకునే వీలు ఉంటుంది, ఉందో లేదో ఒకసారి చూసుకోమనండి.

ఇక మనిషి నడక. సమతలం మీద మామూలుగా నడిచేటప్పుడు మడమ ఆనే క్షణంలో పాదం నేలను ముందుకు తోస్తుంది. దానికి కావలసిన ఘర్షణ, మన బరువులో సుమారు అయిదో వంతు. అంటే గుణకం 0.2 ఉండాలి. తడిసిన టైలు ఇచ్చింది 0.19. నడకకే చాలదు! దిగుడులో నడిస్తే వాలు బిల్లు దీని మీద కలుస్తుంది. పన్నెండుకి ఒకటి వాలులో దిగడానికి 0.29 కావాలి. ఆరుకి ఒకటైతే 0.38. నాలుగుకి ఒకటైతే 0.47. చిన్న చిన్న అడుగులు వేస్తే నడక బిల్లు తగ్గుతుంది. పెద్దవాళ్లు వాలు మీద పాదం పాదం ఆనించి నడిచేది అందుకే, అది భయం కాదు, తెలివి.

మన భవనం ముందు మూడు మెట్లున్నాయి. ఒక్కొక్కటి పదిహేను సెంటీమీటర్లు, మొత్తం నలభై అయిదు. మొదటి ఎస్టిమేటు ప్రకారం మెట్ల పక్కనే తిన్నగా గేటు వైపు 1.8 మీటర్ల ర్యాంపు. నాలుగుకి ఒకటి. ఖర్చు తక్కువ, స్కూటర్ల స్థలం పోదు. రెండోది పన్నెండుకి ఒకటి, 5.4 మీటర్లు. ప్రహరీ వెంబడి మూడు మీటర్లు, మలుపులో మీటరున్నర చదును, ఆపైన 2.4 మీటర్లు. దీనికి స్కూటర్ల షెడ్డులో సగం పోతుంది. "మేష్టారూ, ఎక్కడానికి ఏదో ఒక వాలు ఉంటే చాలదా?" అని కార్యవర్గంలో ఒకరిద్దరు అడిగారు. సమంజసమైన ప్రశ్నే, లెక్కతో సమాధానం చెబుతాను.

మన సభ్యుల్లో ఒకాయన పక్షవాతం వచ్చాక చక్రాల కుర్చీలో ఉన్నారు. పేరు చెప్పను, మీ అందరికీ తెలుసు. రెండేళ్లుగా సమావేశాలకు రావడం లేదు. కుర్చీతో కలిపి తొంభై కిలోలనుకుందాం. తోసేది ఆయన భార్య. ఆమె అరవై దాటిన మనిషి, యాభై అయిదు కిలోలనుకుందాం. నాలుగుకి ఒకటి వాలు మీద కుర్చీని పైకి తోయడానికి దాదాపు 22 కిలోల బలం కావాలి, చక్రాల దొర్లుడు ఘర్షణకు పైన ఇంకో ఒకటి రెండు కిలోలు. పన్నెండుకి ఒకటైతే ఏడున్నర చాలు. ఎక్కేటప్పుడు పక్కన ఎవరో ఒకరు చెయ్యి వేస్తారు, అది కాదు నా దిగులు. సమావేశం అయ్యాక దిగాలి. దిగేటప్పుడు ఆమె ఆ 22 కిలోలనూ వెనక్కి పట్టి ఉంచాలి. తన ఒంటి బరువు గుంజుడు ఇంకో 13 కిలోలు. మొత్తం 35 కిలోలు ఆమె చెప్పుల మీదే ఆధారపడ్డాయి. ఆ చెప్పుల మీద నొక్కుడు 53 కిలోలు. 35ను 53తో భాగించండి. 0.66.

పొడి టైలు మీద ఈ చెప్పు ఇచ్చింది 0.59.

అంటే ఎండాకాలంలో, పొడినేల మీద, మంచి చెప్పులు వేసుకున్నా ఆమె కాలు నిలవదు. ఆమె చేతుల్లో బలముందా లేదా అన్న ప్రశ్న వరకూ పోనక్కర్లేదు. కుర్చీని వెనక్కి తిప్పి దించినా లెక్క మారదు, ఆమె కింద ఉండి ఆపుతుంది, అంతే. పన్నెండుకి ఒకటి వాలులో ఇదే లెక్క చేస్తే కావలసింది 0.22. మధ్యేమార్గంగా ఆరుకి ఒకటి పెడదామని మధ్యాహ్నం ఎవరో ఒకరు అంటారు, నాకు తెలుసు. దానికి 0.44. పొడిలో నెట్టుకొస్తుంది, వానలో నెట్టుకురాదు. పైగా ఇవన్నీ కుర్చీని కదలకుండా పట్టుకుని నిలబడడానికి కావలసినవే. అడుగు తీసి అడుగు వేస్తే ఇంకా పైకి పోతాయి.

పన్నెండుకి ఒకటి అనేది నా సొంత కోరిక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తరవాత కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన భవన మార్గదర్శకాల్లో ఉన్న లెక్కే. అయినా ఏం కడుతున్నారో చూస్తున్నాం. ఈ మధ్య లైఫ్ సర్టిఫికెట్ పని మీద ఒక కార్యాలయానికి వెళ్లాను. పేరెందుకు. ర్యాంపు ఉంది, స్టీలు రెయిలింగు ఉంది, ప్రారంభోత్సవం శిలాఫలకం కూడా ఉంది. జేబులో టేపు ఉండడం నాకు అలవాటు. ఎత్తు అరవై సెంటీమీటర్లు, పొడవు 2.4 మీటర్లు. అద్దంలా మెరిసే గ్రానైటు. దాని మీద మూడు మోటారు సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఒక విధంగా మంచిదే, ఎవరూ ఎక్కే ప్రయత్నం చేయకుండా కాపాడుతున్నాయి.

వాలు ఒక్కటే చాలదు, పైపూత కూడా చూడాలి. మెరుపు టైలు వద్దు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే కొబ్బరి చీపురుతో అడ్డగీతలు గీయిస్తే చాలు. అలాంటి బిళ్ల ఒకటి ఇంట్లో పోసి, తడిపి, ఇదే చెప్పుతో చూశాను. ఎత్తు 53, అడుగు 85, గుణకం 0.62. టైలు కంటే చవక కూడా. రెండువైపులా కమ్మీ, వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకుండా, పై చూరు నుంచి వాననీళ్లు ర్యాంపు మీద పడకుండా ఒక గొట్టం. నా పరీక్ష చెప్పును నిలబెట్టి చేసిందే గాని నడిచే పాదం మీద చేసింది కాదు, కనుక వచ్చిన గుణకానికీ, కావలసిన గుణకానికీ మధ్య బాగా జాగా ఉండేట్టు చూసుకోవాలి. పన్నెండుకి ఒకటి వాలు, గీతల సిమెంటు కలిస్తే ఆ జాగా ఉంటుంది.

స్కూటర్ల షెడ్డు సంగతి. నిన్న సాయంత్రం లెక్కపెట్టాను, పదకొండు బళ్లున్నాయి. వాటిలో ఆరు మన సభ్యులవి కావు, పక్క వీధి దుకాణాల వాళ్లవి. అవి పోతే 5.4 మీటర్ల ర్యాంపుకు చోటు వస్తుంది. కొలతల కాగితం కోశాధికారిగారికి ఇచ్చాను. పలక, చెప్పు, టైలు, సిమెంటు బిళ్ల భోజనాల హాలు పక్కన పెట్టిస్తాను. ఎవరి చెప్పుతో వారు వచ్చి కొలుచుకోవచ్చు. నీళ్ల చెంబు మాత్రం అక్కడ నేల మీద ఒలకబోయకండి, అదీ మెరుపు టైలే.